పంతులు మరల బడికి పోవలయును

గడచిన సంవత్సరము నేను 46వ యేట మరల కళాశాలలో జేరితిని. చేరినది సంస్కృతమునకు గాదు, ఆంగ్లమునకు గాదు. ఆ రెంటి పట్టములును నా పెట్టెలో నిదివఱకే యున్నవి. తరగతిగదిలో తెరను, కంప్యూటరును, మైకును పాఠమునకు లోబఱచి వాడుకొనుట యెట్లో నేర్చుటకు జేరితిని. వారమునకు మూడు సాయంకాలముల చొప్పున ఆఱు నెలలు చదివితిని. నా ప్రక్కబల్లమీద నొకప్పటి నా శిష్యురాలే కూర్చుండెడిది. ఆమెయు నిప్పుడు పంతులమ్మయే.

ఈ సంగతి తెలిసినప్పుడు మా వీధిలో నొకరు, “ఏం సారూ, చెప్పి చెప్పి విసిగి మీరే బడికి పోతున్నారా?” యని నవ్విరి. మా పాఠశాలలో నాకంటె పెద్దవాడగు పండితుడొకరు నవ్వలేదు, నొచ్చుకొనిరి. “ఉపనిషత్తులు చదివిన నోటితో మీటలు నొక్కువాని యొద్ద శిష్యరికమా?” యని యాయన ప్రశ్న. పాఠశాల నడుపు పెద్దలు నవ్వనులేదు, నొచ్చుకొననులేదు. “మీరు పోనక్కఱలేదండీ, తెర అమ్మినవారే రెండు దినములు వచ్చి అంతా చూపిస్తారు” అనిరి. ఈ మూడు మాటలలో మొదటిది వేళాకోళము, దానికి బదులక్కఱలేదు. తక్కిన రెండు మాటలును మన పిల్లల చదువును చెఱచుచున్నవి. వానితోడనే నా వివాదము.

మొదట పండితునకు బదులు చెప్పెదను. ఆయన యెడల నాకు గౌరవము గలదు. ఆయన చదివిన గ్రంథములే నేనును చదివితిని. ఛాందోగ్య బృహదారణ్యకములు రెంటిలోను శ్వేతకేతువు కథ యున్నది. చదువు ముగిసినదన్న యతిశయముతో నా పడుచువాడు పాంచాలరాజగు ప్రవాహణ జైవలి సభకు బోయెను. రాజు అయిదు ప్రశ్నలు వేసెను. ఒక్కదానికిని వానికి బదులు తోచలేదు. ఇంటికి వచ్చి, నాకంతయు నేర్పితినంటివే యని తండ్రిని నిష్ఠురమాడెను. ఆ తండ్రి యుద్దాలకుడు సామాన్యుడు కాడు, ఎందఱికో యాచార్యుడు. ఆయన తనకును ఆ సంగతి తెలియదని యొప్పుకొనెను. బృహదారణ్యకమున, ఇద్దఱమును పోయి యా రాజునొద్ద విద్యార్థులమై యుందము రమ్మని కొడుకును బిలిచెను. కొడుకు రానని, నీవే పొమ్మనెను. తండ్రి పోయెను. బ్రాహ్మణుడు క్షత్రియునకు శిష్యుడగుట ఆనాటి యాచారమునకు ఎదురునడకయే, అయినను బోయెను. ఛాందోగ్యమున నీ యుద్దాలకుడే మఱియొకమారు, తనయొద్దకు చదువవచ్చిన యైదుగురు గృహస్థులకు తాను సంపూర్ణముగా చెప్పజాలనని తలచి, వారిని వెంటబెట్టుకొని కేకయరాజగు అశ్వపతి యొద్దకు తానును నేర్చుకొనుటకు బోయెను. తెలియనిది తెలియదనుట యాచార్యత్వమునకు లోపమని మన పూర్వులు తలచినచో ఈ కథను రెండు గ్రంథములలో దాచియుండరు. మన పండితులు ఉద్దాలకుని పేరు చెప్పుకొని శ్వేతకేతువు చేసిన పని చేయుచున్నారు.

ఉపనిషత్తులు దూరమనువారికి మా యిరుగుపొరుగునే చూపెదను. మా బడి జూబ్లీహిల్స్ దిగువన నున్నది. మా పిల్లలలో చాలమంది తలిదండ్రులు ఫిలింనగరు పనులమీదను, కొండమీది పెద్దయిండ్ల పనులమీదను బ్రదుకువారు. లైట్లు మోయువారు, కార్లు నడుపువారు, దుస్తులు కుట్టువారు, గుంపులో వేషము వేయువారు, అంట్లు తోమువారు. ఈ సినిమావారి వృత్తిని చూడుడు. 1932లో ‘భక్తప్రహ్లాద’ తెలుగు మాటలతో వెలువడెను. నాటకశాలలో వెనుకవరుసకు వినబడునట్లు గొంతెత్తిన నటులు మైకుముందు గొంతు దించుట నేర్వవలసివచ్చెను. చెన్నపట్టణమునందలి యీ పరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో యిక్కడ మొదలైనది. ఆపైన ఫిలిమును చేతితో కత్తిరించి యతికించిన ఎడిటర్లు కంప్యూటరు ముందు కూర్చుండిరి. ఫిలిముమీద వెలుతురు లెక్కకట్టిన కెమెరామెన్లు డిజిటల్ కెమెరాతో ఆ లెక్కలనే మరల నేర్చిరి. వారిలో నెరసిన తలలు తక్కువ కావు. అట్లు నేర్చినందుకు వారి పరువు పోయినదని నేనెన్నడును వినలేదు. ఏ నిర్మాతయైనను క్రొత్త కెమెరాను తెప్పించి, దానిని రెండు దినములు దూరమునుండి చూచినవాని చేతికిచ్చి చిత్రము తీయుమనునా? సినిమా తీయుట నేర్పుటకు అన్నపూర్ణవారు 2011లో ప్రత్యేకముగా నొక విద్యాలయమునే స్థాపించిరి. తెరమీద బొమ్మ యాడించుటకు విద్యాలయము కావలసివచ్చినది. ఆ తెరయెదుట కూర్చున్న పసివాని బుద్ధిని నడుపుటకు రెండు దినముల ప్రదర్శన చాలునా?

వయస్సు మీఱినవారు, ఉద్యోగస్థులు మరల చదువుట యీ నేలకు క్రొత్త గాదు. ఈ దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో ఆంధ్రప్రదేశమునందే, ఆచార్య జి. రాంరెడ్డి గారు తొలి ఉపాధ్యక్షులుగా, వెలసెను. 1991లో డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరు దాల్చిన యా సంస్థ యీ జూబ్లీహిల్స్ లోనే యున్నది. పొలముపని, కచేరిపని, వంటపని చేయుచునే పట్టము పుచ్చుకొనవచ్చునని అది వేలకొలది మందికి చూపినది. పంతులు మాత్రము తన చదువు పూర్తియైనదని యెట్లు తలంపగలడు?

ఇక రెండు దినముల శిక్షణ సంగతి. మూడేండ్ల క్రితము నేనట్టిదానికి పోయితిని. ఒక పెద్ద హాలులో నూటయేబదిమందిమి కూర్చుంటిమి. ముందొక తెర యున్నది. ఒక యువకుడు మీటలు నొక్కుచు బోయెను. తెరమీద గుండె కొట్టుకొనెను, గ్రహములు తిరిగెను, త్రిభుజములు రంగులు మార్చెను. మేము చప్పట్లు కొట్టితిమి. రెండు దినములలో మాలో నొక్కరి వ్రేలును ఆ తెరను తాకలేదు. రెండవ సాయంకాలము సంతకములు తీసికొని సర్టిఫికెట్లు పంచిరి. మరునాడు మా బడిలో తెర వెలిగించుటకు నేను ఏడవ తరగతి పిల్లవానిని బిలిచితిని. ఈత నేర్పుదుమని పిలిచి, చెఱువుగట్టుమీద కూర్చుండబెట్టి, మునిగినప్పుడు చూపుకొమ్మని కాగితము చేతికిచ్చినట్లుండెను.

2020లో వెలువడిన జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయుడును సంవత్సరమునకు కనీసము 50 గంటలు తన వృత్తివిద్యను పెంపొందించుకొనవలయునని చెప్పినది. మంచిమాటయే. కాని గంటలు లెక్కించుట సులభము, నేర్చినది లెక్కించుట కష్టము. ఇంటినుండియే చూడదగిన శిక్షణలో నొకమారు నేను వీడియోను దానిపాటికి నడువనిచ్చి, పరీక్షపత్రములు దిద్దుకొంటిని. చివరి ప్రశ్నలకు స్నేహితుడు పంపిన జవాబులు నొక్కి పత్రము సంపాదించితిని. ఆ పత్రమును జూచినప్పుడెల్ల నాకు సిగ్గగును. పిల్లవాడిట్లు చేసినచో చెవి మెలిపెట్టుదుము.

ఇదియంతయు పంతుళ్ల గొడవ, మాకేమి యని చదువరులు తలంపవచ్చును. నష్టపడినదెవరో చెప్పెదను.

2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతవడెను. ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్ లోను పాఠములు మొదలయ్యెను. మేమును మా పిల్లలకు ఫోనులకు పాఠములు పంపితిమి. తొమ్మిదవ తరగతిలో నాకొక బాలిక యుండెను. పద్యము నొకమారు వినిన అప్పగించునది. ఇంట నున్నది ఒక్క ఫోను. అది పగలు తండ్రితో కారు నడుపుటకు పోవును. రాత్రి యింటికి వచ్చినచో అన్న చేతికి పోవును. ఆమెకు దొఱకునది ఏ పది నిమిషములో. నేను చేసినదేమి? బల్లముందు నిలువబడి నలువది నిమిషముల యుపన్యాసమును వీడియో తీసి యట్లే పంపితిని. వారు వేయించుకొనిన డేటాకు అది దిగదు. దిగినను పది నిమిషములలో ముగియదు. అదే పాఠమును నాలుగు నిమిషముల చొప్పున పలుకుపాఠములుగా విఱిచి, ప్రతిదాని చివర నొక ప్రశ్న యుంచి పంపినచో ఆ చిన్న ఫోనుకే చేరును. అట్లు చేయవచ్చునని నాకు తెలియదు. చేయుట యసలే తెలియదు. 2021 ఫిబ్రవరిలో తొమ్మిదవ తరగతి తెఱచినప్పుడు ఆమె రాలేదు. కొండమీద నొక యింట పనికి కుదిరినదని తోడిపిల్లలు చెప్పిరి. నేను రెండుమార్లు వారి యింటికి పోయి వచ్చితిని, ఫలము లేకపోయెను. అందు దరిద్రమునకు పాలున్నది, వ్యాధికి పాలున్నది, ఫోనును మగపిల్లవానికే యిచ్చు మన యిండ్ల యాచారమునకు పాలున్నది. నా తెలియనితనమునకును పాలున్నది. మొదటి మూడింటిని నేనొక్కడను తీర్పజాలను. నాలుగవదానిని తీర్చుకొనుటకే కళాశాలకు పోయితిని.

కళాశాలలో నేర్చినదేమని యడుగుదురా? మొదటిది కంప్యూటరుపై తెలుగు వ్రాయుట. ఇదివఱకు నా ప్రశ్నపత్రములు అచ్చుకూటపు పాత ఫాంటులో నుండెడివి. ఒక యంత్రమున తెలుగుగా నున్నది మఱియొక యంత్రమున అర్థములేని గుఱుతులయ్యెడిది. యూనికోడు పద్ధతిలో ప్రతి యక్షరమునకు నిర్ణీతమైన సంఖ్య యుండుటచే ఆ చిక్కు లేదు. అంతకంటె నన్నాశ్చర్యపఱచినది భారతీయ భాషలకై యేర్పఱచిన ఇన్‌స్క్రిప్టు మీటలపలక. అందు అచ్చులు, గుణింతములు ఎడమచేతికి, హల్లులు చాలవఱకు కుడిచేతికి నున్నవి. ‘క’ యున్న మీటనే షిఫ్టుతో నొక్కిన ‘ఖ’ వచ్చును. ‘గ’తో ‘ఘ’, ‘ప’తో ‘ఫ’. అల్పప్రాణ మహాప్రాణములు జంటగా నున్నవి. ‘క’ వ్రాసి, పొల్లు నొక్కి, ‘ష’ వ్రాసిన ‘క్ష’ యగును. వర్ణమాల చక్కగా వచ్చిన పండితునకు ఇది పరాయివిద్య గాదు. నా తరగతిలో ఆంగ్లపు మీటలకు అలవాటుపడిన పడుచువారికంటె నేను దీనిని త్వరగా నేర్చితిని.

రెండవది ధ్వనిని వాడుట. పద్యము చదువునప్పుడు పిల్లలు ‘ధ’కును ‘ద’కును, ‘శ’కును ‘స’కును భేదము పాటింపరు. ఎన్నిమార్లు చెప్పినను తమ తప్పు తమకు వినబడదు. ఇప్పుడు ప్రతివాని పఠనమును నా ఫోనులో పట్టి వానికే వినిపించుచున్నాను. “సార్, ఇది నేనేనా?” యని తెల్లబోయి, మరల చదువుదురు. యతిస్థానము వచ్చుచోట ధ్వనిని నిలిపి, ముందక్షరమేదని యడిగినచో చెవితోనే కనిపెట్టుదురు. నొచ్చుకొనిన మా పెద్దపండితుని గొంతు మిగుల మధురమైనది. ఆయన పఠనమును పట్టి పిల్లలకు వినిపించితిని. ఆయన విని, కొంతసేపూరకుండి, “ఈ మీట యెక్కడున్నదయ్యా?” యని యడిగిరి.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, యంత్రము నెప్పుడు ఆర్పవలయునో తెలిసికొనుట. ఒక విద్యార్థి ‘మహౌషధి’ గుణసంధి యని వ్రాసి తెచ్చెను. ఎవరు చెప్పిరంటే, ఫోనులోని కృత్రిమమేధ చెప్పినదనెను. అది వృద్ధిసంధి యని సంధి తెలిసినవాడు చెప్పగలడు; యంత్రము తప్పుచెప్పునని తెలియుటకు యంత్రమును వాడినవాడు కావలయును. ఈ రెండును తెలిసినందున నేను వానిని తిట్టక, యంత్రమిచ్చిన సంధులలో తప్పులు పట్టుడని తరగతికంతకును పని పెట్టితిని. ఆ దినమున వారు నేర్చినంత వ్యాకరణము నేను నల్లబల్లమీద నెలదినములు చెప్పినను నేర్చియుండరు. యంత్రము నెఱుగని పంతులు రెండు విధముల చెడును: దానిని నమ్మి చెడును, లేదా తిట్టి చెడును.

కొందఱు విజ్ఞులు దేశాంతరముల దృష్టాంతములు తెత్తురు. పెరూ దేశము ఎనిమిది లక్షలకు పైగా కంప్యూటర్లను పిల్లలకు పంచినను, గణితమునను భాషలోను మేలు కనబడలేదని 2012లో వెలువడిన పరిశీలన తేల్చినది. స్వీడను ప్రభుత్వము 2023లో అచ్చుపుస్తకములవైపు మరలినది. ఆ యేటనే యునెస్కో ప్రపంచ విద్యానివేదిక సాంకేతికత యెవరి షరతులపై వచ్చుచున్నదో చూచుకొనుడని హెచ్చరించినది. ఇవి నిజములే. నల్లబల్లను పాఱవేయుడని నేననలేదు. సుద్దముక్క నా జేబులో నిప్పుడును గలదు. కాని యీ దృష్టాంతములు నా వాదమునకే బలము. వస్తువును పంచి, బోధించువానిని మఱచినచో నేమగునో పెరూ చూపినది. ఆంధ్రప్రదేశమున 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిరి. ప్రభుత్వపాఠశాలలకును పెద్ద తెరలు వచ్చినవి. వస్తువులు వచ్చినవి. అవి రాకమునుపు పంతులెంత నేర్చెనను ప్రశ్నను మనమెందఱము వేసితిమి?

ఇక స్త్రీల సంగతి చెప్పక యీ వ్యాసము ముగింపరాదు. మా కళాశాల తరగతిలో ముప్పదిమందిలో ఇరువదిమంది పంతులమ్మలు. మూడవ నెల వచ్చుసరికి అందాఱుగురు మానిరి. మానినవారిలో మందమతి యొక్కతెయు లేదు. ఒకామెకు అత్తగారి మందులవేళ. ఒకామెకు పిల్లల భోజనము. ఒకామె భర్త, చీకటిపడిన తరువాత బస్సులో వచ్చుటేమిటనెను. పురుషులలో మానినవా రొక్కరును లేరు. మేమధిక శ్రద్ధాళువులమని యనుకొనకుడు. నేను కళాశాలకు పోయిన ఆఱు నెలలును నా యింట అన్నము వేళకే యుడికినది; ఎవరు వండిరో చెప్పవలసిన పనిలేదు. నా భార్యయు ఉపాధ్యాయినియే. ఆమెయు ఆ చదువు చదువవలెనని నాకంటె ముందే యనుకొన్నదని నేను చదువు ముగించిన తరువాత చెప్పినది. ముందే యేల చెప్పలేదని యడిగితిని. “ముందు చెప్తే ఎవరు పోతారు, ఎవరు వండుతారు?” అన్నది. ఈ సంవత్సరము ఆమె చేరినది. ఆ మూడు సాయంకాలములును వంట నాది. పప్పు మాడినప్పుడు ఎవరును చదువును నిందింపరాదని మా యింట నొప్పందము. స్త్రీవిద్యను మెచ్చుకొను గృహములలోనే పంతులమ్మ చదువు వంటయింటి గడపదగ్గఱ నాగిపోవుచున్నది. సంస్కారప్రియులమని చెప్పుకొను మనము దీనికి ముందు సిగ్గుపడవలయును.

నేను కోరునది విస్తారము గాదు. తెర కొను బిల్లులోనే పంతుల చదువునకును సొమ్ము చేర్పవలయును. తెర తగిలింపక ముందే చదువు మొదలుపెట్టవలయును. ఆ చదువు వేసవి సెలవులను మ్రింగి గాక, బడిపనిలో భాగముగా, జీతముతోను, మాఱు పంతులను నియమించియు జరుగవలయును. ప్రతి పంతులచేతికిని యంత్రమీయవలయును. తెలుగు పంతులకు తెలుగు పాఠముతోను, గణిత పంతులకు గణితముతోను నేర్పవలయును. మీటల పేర్లు వల్లెవేయించుట విద్య గాదు. నేర్పినవారు నెలకొకమారైనను మా తరగతికి వచ్చి, వెనుకబల్లమీద కూర్చుండి, మా తప్పులు చెప్పవలయును. పంతులమ్మలకు వారి కనువైన వేళను, ఇంటికి చేరు దారిని చూపవలయును.

చదువరులారా! జూన్ నెలలో బడులు తెఱచునప్పుడు మీలో పెక్కురు పిల్లలను చేర్చుటకు పోవుదురు. అక్కడ మీకు తెరలు చూపుదురు, చల్లనిగదులు చూపుదురు, రంగుల పుస్తకములు చూపుదురు. మీరు మూడు ప్రశ్నలడుగుడు: ఈ తెరను వాడుట మీ పంతుళ్లు ఎక్కడ నేర్చిరి? ఎన్నినాళ్లు నేర్చిరి? నేర్చినంతకాలము వారికి జీతమిచ్చితిరా? బదులు నట్టుపడినచో తెరను జూచి మురియకుడు. మీ యింట ఉపాధ్యాయినియో ఉపాధ్యాయుడో యున్నచో, వారి సాయంకాలములలో మూడింటిని వారికి విడిచిపెట్టుడు.

తొమ్మిదవ తరగతిలో చదువు మానిన యా బాలిక కిప్పుడు ఇరువది యేండ్లు దాటియుండును. ఆమె ఋణము నేను తీర్పలేదు. ఇప్పుడు నా యెదుట కూర్చున్న నలువదిమంది యెడల అట్టి ఋణము పడకుండుటయే నేను చేయగల పని.